బస్తరు కనుమలో ఒక రబ్బరు గొట్టం

కొండదారిలో ఆవిరి చిమ్మి కారు ఆగింది. జానెడు గొట్టం చేసే పని ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది

భద్రాచలం నుంచి ఉత్తరంగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి చింతూరు మీదుగా వెళ్ళి, శబరి నది ఒడ్డున ఉన్న కొంటా వద్ద ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశిస్తుంది. నదికి ఆవలి గట్టు ఒడిశా. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే ఆ తావున పటం మీద గీత మారుతుంది గాని మాట వెంటనే మారదు. కొంటా అంగళ్ళలో తెలుగు వినబడుతూనే ఉంటుంది. ఎర్రబోరు, దోర్నపాల్, సుక్మా అంటూ మైలురాళ్ళు వెనక్కు జరిగేకొద్దీ తెలుగు పలచబడి, దాని స్థానంలో దాని దాయాదుల వంటి భాషలు చెవిని పడతాయి.

సుక్మా దాటిన తరువాత నేల స్వభావం మారుతుంది. గోదావరి, శబరి నదుల పల్లపు ప్రాంతం వెనుకబడి, దారి కొండలెక్కనారంభిస్తుంది. ఝీరం, దర్భా కనుమల గుండా మెలికలు తిరుగుతూ, కాంగేర్ లోయ అడవుల పక్కగా బస్తరు పీఠభూమిని చేరుతుంది. పీఠభూమికి కేంద్రమైన జగ్దల్‌పూర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఇంద్రావతి ఒడ్డున ఉన్నది. కొంటా నుంచి అక్కడికి దాదాపు 180 కిలోమీటర్లు.

బస్తరు ఒకప్పుడు ఒకే జిల్లా. 1948లో బస్తరు, కాంకేరు సంస్థానాలను కలిపి ఏర్పరచిన ఆ జిల్లా వైశాల్యం 39,000 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉండేది. అంటే కేరళ రాష్ట్రం కంటె పెద్దదన్నమాట. నేడు అదే నేల ఏడు జిల్లాలుగా విడిపోయింది. అయినా దారిన పోయేవారికి అదంతా ఒకటే అడవిలా, ఒకటే ఏటవాలులా తోస్తుంది.

ఇటువంటి కనుమదారుల్లో వాహనం నడపడమంటే పూర్వం నీళ్ళతో నడిచే వ్యవహారమే. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ కారు రాజ్యమేలిన రోజుల్లో డికీలో నీళ్ళడబ్బా లేకుండా కొండెక్కే డ్రైవరు ఉండేవాడు కాదు. కాంకేరుకూ కొండగావ్‌కూ నడుమ పన్నెండు మలుపుల కేశ్‌కాల్ కనుమ ఉన్నది. అక్కడి తేలిన్ మాత గుడి వద్ద డ్రైవర్లు బండి ఆపి, మొక్కి, మరీ సాగడం ఆనవాయితీ. ఆ విరామం భక్తికి ఎంత అవసరమో, మరిగే ఇంజనుకు అంతకంటె అవసరం. నేటి కార్లు నీళ్ళడబ్బాను మరపించాయి. కాని మరపించాయే గాని, ఆ అవసరాన్ని తీసివేయలేదు.

“మూత ముట్టుకోకురా!”

ఒక మే నెలలో మా బావగారు, ఆయన కుమారుడు, నేను ఆ దారిన జగ్దల్‌పూర్‌కు బయలుదేరాము. బావగారికి బస్తరు కొత్త కాదు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖపట్నం రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం వేసిన నాటినుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుతెరువు కోసం ఆ కొండలకు వెళ్ళాయి. ఆయన కూడ యౌవనంలో కొన్నేళ్ళు కిరందుల్‌లో పనిచేశారు. హల్బీ భాష తడుముకోకుండా మాట్లాడతారు. కారు ఆయనదే, ఎనిమిదేళ్ళ పాతది.

మధ్యాహ్నపు ఎండలో ఝీరం కనుమ ఎక్కుతుండగా వేడిని చూపే ముల్లు నడిమి గీత దాటి పైకి జరిగింది. కాచిన బెల్లపు పాకాన్ని తలపించే తియ్యని వాసన ఒకటి వచ్చింది. మరు మలుపులో బానెట్టు అంచుల నుంచి తెల్లని ఆవిరి లేచింది. బావగారు మాటలాపి, బండిని ఎడమవైపు ఒక సాలవృక్షం నీడకు చేర్చి, ఇంజను కట్టివేశారు.

మా మేనల్లుడు ఒక్క దూకులో దిగి, బానెట్టెత్తి, చేతిలో నీళ్ళసీసాతో రేడియేటరు మూత వైపు చేయి చాచాడు.

“ముట్టుకోకురా! చేయి వెనక్కు తీయి!” అని బావగారు అరిచిన అరుపు లోయలో మారుమ్రోగింది.

ఆ అరుపులో అతిశయం లేదు. రేడియేటరు మూత కేవలం మూత కాదు. అది ఒక ఒత్తిడి కవాటం. బహిరంగ పాత్రలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. జగ్దల్‌పూర్ ఎత్తులో అయితే 98 డిగ్రీలకే మరుగుతుంది. వాతావరణపు ఒత్తిడికి తోడు మరో అంత ఒత్తిడిని ఈ మూత లోపల నిలిపి ఉంచుతుంది. దానివలన నీరు 120 డిగ్రీలకు చేరినా మరగకుండా నీరుగానే ఉంటుంది. సమపాళ్ళలో ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంటు మరికొంత పైకి, దాదాపు 129 డిగ్రీల వరకు తాళుతుంది. ఆ స్థితిలో మూత తీస్తే ఒత్తిడి క్షణంలో పోతుంది. అంతవరకు నీరుగా ఉన్నది ఒక్కసారిగా ఆవిరై పైకెగస్తుంది. ముఖమూ చేతులూ కాలి ఆసుపత్రుల పాలైనవారి కథ అన్ని దేశాలలోను ఇదే.

“ఇప్పుడేం చేద్దాం నాన్నా?” అన్నాడు కుర్రవాడు.

“ఏమీ చేయవద్దు. ముప్పావుగంట కూర్చోవడమే మొదటి రిపేరు” అన్నారు బావగారు.

అడవిలో ముప్పావుగంట

ఝీరం అన్న పేరు వినగానే వార్తలు చదివే అలవాటున్నవారికి గుర్తువచ్చేది ఒకటే. 2013 మే 25న ఒక రాజకీయ పార్టీ నాయకుల వాహనశ్రేణిపై మావోయిస్టులు ఈ లోయలోనే దాడి చేశారు. ఇరవై మందికి పైగా మరణించారు. ఫోనుకు సంకేతం అందడం లేదు. జగ్దల్‌పూర్ ఇంకా నలభై కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఎండుటాకు రాలినా తల తిప్పి చూశాము. పరుగున పోయే కారులో కూర్చున్నవారికి అడవి ఒక దృశ్యం. ఆగిన కారు పక్కన నిలబడినవారికి అదే అడవి ఒక ప్రశ్న.

ఇంజను కొంత చల్లబడగానే లోపం కంటబడింది. రేడియేటరు పైభాగం నుంచి ఇంజనుకు పోయే నల్లని రబ్బరు గొట్టం, ఇంజనువైపు క్లిప్పుకు ఆనుకొని అంగుళం మేర చిట్లింది. ఆకుపచ్చని కూలెంటు చాలావరకు కారిపోయి, కారు కింద చిన్న మడుగు కట్టింది.

అప్పుడు పైదారి నుంచి ముగ్గురు స్త్రీలు దిగివచ్చారు. బస్తరులో మే నెల తునికాకు కోత కాలం. వారి తలల మీద బీడీ ఆకుల మోపులు ఉన్నాయి. అందరికంటె పెద్దావిడ భుజాన ఎండిన సొరకాయ బుర్ర వేలాడుతున్నది. వెనుక ఒక కుక్క. బస్తరు పల్లెల్లో తుంబా అని పిలిచే ఆ బుర్రలో పనికి పోయేవారు నీళ్ళో, చోడి అంబలో నింపుకొని వెళ్తారు. లోహపు పాత్ర ఎండకు కాగుతుంది, బుర్ర కాగదు. దాని దళసరి బెండు వంటి గోడ లోని చల్లదనాన్ని పూటంతా కాపాడుతుంది. వేడిని బయటికి పంపే యంత్రం ఒకటి మా కారులో చెడి ఉన్నది. వేడిని లోనికి రానీయని సాధనం ఒకటి ఆమె భుజాన ఉన్నది.

బావగారు హల్బీలో పలకరించి విషయం చెప్పారు. ఆమె కారును, మమ్మల్ని మార్చి మార్చి చూసి, తనవారితో తమ భాషలో ఏదో అన్నది. ఆ మాటల ప్రవాహంలో ఒక్క మాట నాకు స్పష్టంగా వినబడింది: నీర్.

దర్భా ప్రాంతం ధుర్వాల నేల. వారి భాషను పర్జీ అని కూడ అంటారు. బరో, భట్టాచార్య అనే పండితులు 1953లో దానిపై ఒక గ్రంథం వెలువరించారు. తెలుగు వలెనే అదీ ద్రావిడ భాష. నీటికి వారి మాట ‘నీర్’. అదే బస్తరులో గోండులు నీటిని ‘ఏర్’ అంటారు. మనకు ఏరు అంటే ప్రవాహం. వారికి కుండలో ఉన్నా అది ఏరే. ఊరిని వారు ‘నార్’ అంటారు. బస్తానార్ వంటి పేర్లలో వినబడే ఆ నార్ మన పలనాడు, వెలనాడులలోని ‘నాడు’కు చుట్టమే. పాతికేళ్ళుగా ఒక భాషలోని మాటలను మరొక భాషలోకి చేరవేయడమే నా వృత్తి. నిఘంటువుల్లో అటువంటి పోలికలు ఎన్నో చూశాను. దాహం వేసి, దారి ఎరుగని చోట నిలిచినప్పుడు ఆ మాట చెవిని పడడం వేరు. అడవి ప్రశ్నగా ఉండడం అక్కడితో తగ్గింది.

మలుపు కింద చేతిపంపు ఉన్నదట. మేనల్లుడు రెండు డబ్బాలతో ఆ చిన్నమ్మాయిల వెంట వెళ్ళాడు. పెద్దావిడ తన బుర్రలోని నీళ్ళు ఆకుదొన్నెలో వంచి మాకిద్దరికీ ఇచ్చింది.

కుక్క కోసం మట్టి

ఆ సమయంలోనే కుక్క కారు కిందికి దూరి ఆకుపచ్చని మడుగు వాసన చూడసాగింది. బావగారు కేకవేసి దానిని తరిమివేశారు. పెద్దావిడ మొహం చిన్నబుచ్చుకున్నది. ఆయన వెంటనే హల్బీలో కారణం విప్పి చెప్పారు.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అందుకే ప్రమాదం. కుక్కలు, మేకలు, పశువులు దానిని ఇష్టంగా నాకుతాయి. అది శరీరంలో విరిగి మూత్రపిండాలను పాడుచేస్తుంది. కొద్దిపాటి మోతాదు చిన్న జంతువు ప్రాణానికి చాలు. పసిపిల్లలకూ అంతే ముప్పు. దారిలో కారు ఆగినవారు తమ కష్టం తీరగానే సాగిపోతారు. ఆ మడుగు మాత్రం అక్కడే ఉండి, సాయంకాలం ఇళ్ళకు మరలే మేకల మంద కోసం కాచుకొని ఉంటుంది. మనకు నీళ్ళిచ్చినవారి ముంగిట విషం వదలి పోవడమంటే ఇదే. సాయం పొందినవారి మీద ఉండే మొదటి బాధ్యత కృతజ్ఞతలు చెప్పడం కాదు, ఆ మడుగును కప్పడం.

విషయం తెలియగానే ఆమె చేతికర్రతో గట్టుమన్ను గీకనారంభించింది. మడుగులోని ద్రవాన్ని మేము పాతగుడ్డలతో అద్ది సంచిలో కట్టుకున్నాము. తడిసిన నేలపై నీళ్ళు కొట్టి, ఆపైన ఆమె తోడుతో జానెడు మందాన మట్టి కప్పాము. పైన రాళ్ళు పేర్చేదాకా ఆమె కుక్కను తన చీరకొంగుతో కట్టి పట్టుకున్నది.

తాత్కాలిక వైద్యం

గొట్టం చివరనే చిట్లడం మా అదృష్టం. బావగారు చల్లబడిన గొట్టాన్ని ఇంజనువైపు ఊడదీసి, చిట్లిన అంగుళంన్నర భాగాన్ని చాకుతో సమంగా కోసివేశారు. మిగిలిన పొడవు, కొంచెం లాగిపట్టినట్లున్నా, ఇంజను మూతికి అందింది. పాత సైకిలు ట్యూబు ముక్కను పైన బిగువుగా చుట్టి, దానిమీద క్లిప్పు బిగించారు. నడుమ భాగంలో చిట్లి ఉంటే ఈ ఉపాయం పనిచేసేది కాదు. అప్పుడు ట్యూబు పట్టీలు గాని, తనకు తానే అతుక్కొనే రబ్బరు టేపు గాని పొరలు పొరలుగా చుట్టడమొక్కటే దారి.

చేతిపంపు నీళ్ళు వచ్చాయి. ఇంజను చల్లబడిందో లేదో చేయి దగ్గరగా పెట్టి చూసుకొని, దళసరి గుడ్డ వేసి మూతను కొద్దికొద్దిగా తిప్పి, నీటిని సన్నని ధారగా పోశారు. కాగిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరిస్తే లోహం ఒక్కసారిగా కుదించుకొని పగిలే ప్రమాదమున్నది. గొట్టం పోతే వందలతో పోతుంది. ఇంజను పైభాగం వంకర తిరిగితే వేలతోను పోదు.

మూతను మొదటి మెట్టు వరకే బిగించారు. పాత డ్రైవర్ల పద్ధతి ఇది. లోపల ఒత్తిడి పెరగదు కనుక అతుకు మీద భారం తగ్గుతుంది. అయితే నీరు తొందరగా మరుగుతుంది కనుక మెల్లగా పోవాలి, పదేసి కిలోమీటర్లకు ఆగి చూసుకోవాలి. మరల తిప్పి బిగించే మూతలున్న కొత్తకార్లకు ఇది పనికిరాదు. ఇంకొక ఉపాయం విని మా మేనల్లుడు తెల్లబోయాడు. కారులోని వేడిగాలి మీటను పూర్తిగా తెరిచారు. ఆ వేడిగాలి యంత్రం నిజానికి రెండవ చిన్న రేడియేటరు. ఇంజను వేడిలో కొంత పంచుకుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం బస్తరు కొండల్లో వేడిగాలి వేసుకొని, కిటికీలు తెరచుకొని, చెమటలు కక్కుతూ ప్రయాణం చేసిన భాగ్యం అందరికీ దక్కదు.

బయలుదేరేముందు బావగారు పెద్దావిడ చేతిలో ఒక నోటు పెట్టబోయారు. ఆమె తీసుకోలేదు. వెనుక సీటులో దొర్లుతున్న ఖాళీ ప్లాస్టిక్ సీసాలు రెండింటిని చూపి, అవి అక్కరలేకపోతే ఇమ్మన్నది. సొరబుర్ర జారిపడితే పగులుతుందట.

పాదు నీటితో మొదలైన ప్రయాణం

మోటారు వాహనాల చరిత్రలో మొదటి దూరప్రయాణం సైతం నీళ్ళు అడుగుతూ సాగినదే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కుమారులను ఎక్కించుకొని, ఆయనకు చెప్పకుండా మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్ళింది. దూరం నూరు కిలోమీటర్లకు పైమాటే. ఆ బండికి నేటివంటి రేడియేటరు లేదు. నీరు ఇంజను వేడిని గ్రహించి ఆవిరై పోయేది. అందుచేత దారిపొడవునా బావుల వద్ద, ఏళ్ళ వద్ద ఆగి నింపుకోవలసివచ్చింది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే ఆమె తన టోపీ సూదితో పొడిచి బాగుచేసుకున్నదని ప్రతీతి.

వాడిన నీటినే మళ్ళీ మళ్ళీ చల్లార్చి వాడే తేనెపట్టు వంటి రేడియేటరును 1900 ప్రాంతంలో విల్‌హెల్మ్ మైబాహ్ రూపొందించాడు. సూత్రం నేటికీ అదే. ఇంధనం ఇచ్చే శక్తిలో సుమారు మూడోవంతు చక్రాలను తిప్పుతుంది. ఇంచుమించు మరో మూడోవంతు పొగతో పోతుంది. మిగిలినదానిలో పెద్దభాగం ఈ నీటి ద్వారానే బయటపడాలి. చిన్న కారులో నాలుగు నుంచి ఆరు లీటర్ల ద్రవం ఈ పని అంతా చేస్తుంది. దాని రాకపోకలకు దారి రెండు రబ్బరు గొట్టాలు. పైది ఇంజను నుంచి కాగిన నీటిని తెస్తుంది, కిందిది చల్లారిన నీటిని తిరిగి చేరవేస్తుంది.

జగ్దల్‌పూర్ మెకానిక్కు చెప్పిన మాట

సాయంత్రం జగ్దల్‌పూర్ చేరి ఒక చిన్న షెడ్డు ముందు ఆగాము. యజమాని యాభై ఏళ్ళవాడు. మాతో తెలుగులో, పనివానితో హల్బీలో, విడిభాగాల కొట్టుతో ఫోనులో హిందీలో మాట్లాడుతూనే పని మొదలుపెట్టాడు. ఆయన పని చేసిన వరుస ప్రతి వాహనదారుడూ తెలుసుకోదగినది.

ఇంజను పూర్తిగా చల్లారేవరకు టీ తెప్పించాడు. తరువాత అడుగు మర విప్పి, మిగిలిన ద్రవాన్ని పళ్ళెంలో పట్టి డబ్బాలో పోశాడు. మేము దారిలో కట్టితెచ్చిన గుడ్డలనూ దానితోపాటే ఉంచాడు. క్లిప్పులు వదులుచేసి, గొట్టాన్ని లాగకుండా మొదట అటూ ఇటూ తిప్పాడు. రేడియేటరు మూతి పలుచని ప్లాస్టిక్. మొరటుగా లాగితే గొట్టంతోపాటు అదీ ఊడివస్తుంది. కదలని చివరను నిలువుగా చీల్చి ఒలిచాడు. మూతుల మీద పేరుకున్న తెల్లని పొట్టును గీకి తుడిచాడు. కొత్త గొట్టం పాతదాని వంపునకు సరిపోతున్నదో లేదో పక్కపక్కన పెట్టి చూశాడు. సులువుగా దూరడానికి చివర్లను నీటితో తడిపాడే గాని గ్రీజు పూయలేదు. నూనె రబ్బరును తింటుంది. క్లిప్పు మూతి అంచున ఉండే గట్టుకు లోపలివైపు కూర్చున్న తరువాతనే బిగించాడు. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుందన్నాడు. కింది గొట్టమూ అదే వయసుది కనుక దానినీ మార్చాడు.

పిమ్మట శుద్ధజలం, కూలెంటు సమపాళ్ళలో పోసి, మూత తెరిచే ఉంచి, వేడిగాలి మీట వేసి ఇంజను నడిపాడు. కొంతసేపటికి థర్మోస్టాటు తెరుచుకొని లోపల చిక్కిన గాలి బుడగలుగా వెలువడింది. మట్టం తగ్గింది, మళ్ళీ నింపాడు. ఆ గాలి చిక్కుబడి ఉంటే కొత్త గొట్టం వేసినా మరుసటి కొండమీద కారు మళ్ళీ కాగుతుంది.

పాత ముక్కను బావగారు వేళ్ళతో నొక్కి చూశారు. పైకి నల్లగా నిగనిగలాడుతున్నది. మెకానిక్కు దానిని చీల్చి లోపల చూపించాడు. నిలువునా సన్నని బీటలు. ఇంజను లోహం, కూలెంటు, రబ్బరులోని కర్బనం కలిసి ఒక అతిచిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి. ఆ విద్యుద్రసాయన చర్య ఏళ్ళతరబడి రబ్బరును లోపలినుంచి, ముఖ్యంగా క్లిప్పుల దాపున, తొలుస్తుంది. బీటల ద్వారా ద్రవం లోని దారపు అల్లికను చేరి బలహీనపరుస్తుంది. వెలుపలి పొర చివరిదాకా చెక్కుచెదరదు.

“ఇంత నాజూకైనదాన్ని రబ్బరుతో ఎందుకు చేస్తారండీ? రాగి గొట్టం వేస్తే పోదా?” అన్నాడు మేనల్లుడు.

మెకానిక్కు నవ్వాడు. “వారం ఉండదు బాబూ. ఇంజను దాని దడతో అది ఊగుతుంది. రేడియేటరు బాడీతో కలిసి వేరేగా ఊగుతుంది. ఊగే రెండింటి నడుమ గట్టిది పెడితే ఏదో ఒకటి పగులుతుంది. మెత్తనిదే ఉండాలి. మెత్తనిది కాబట్టి అరుగుతుంది. కాబట్టే చూసుకుంటూ ఉండాలి.”

అతుకుల నేల

ఆ మాట ఇంజనుకే పరిమితం కాదని మరునాడు చిత్రకోటకు పోతుండగా తోచింది. జగ్దల్‌పూర్‌కు పడమరగా 38 కిలోమీటర్ల దూరాన ఇంద్రావతి గుర్రపు లాడం ఆకారంలో దాదాపు 30 మీటర్ల లోతుకు దూకుతుంది. వానాకాలంలో ఎర్రమట్టి నీటితో లోయంతా నిండే ఆ జలపాతం మే నెలలో కొన్ని తెల్లని పాయలుగా చీలి ఉన్నది. ఈ నదీ తీరాన దక్షిణం, ఉత్తరం వెయ్యేళ్ళుగా ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూనే ఉన్నాయి.

బస్తరును ఛిందక నాగవంశీయులు ఏలిన కాలంలో, 1060 ప్రాంతాన, వారి సామంతుడైన ఒక తెలుగు చోడుడు బార్సూరులో గుడి కట్టించి చెరువు తవ్వించాడు. ఆ సంగతిని చెప్పే శాసనం తెలుగులోనే ఉన్నది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశం చెప్పుకున్నది. ఆ వంశంలోని దిక్పాలదేవుడు 1703 ప్రాంతాన దంతేవాడలో ఒక సంస్కృత శాసనం వేయించి, దాని అనువాదాన్ని దేశభాషలో మరొక రాతి మీద చెక్కించాడు. కలియుగంలో సంస్కృతం చదవగలవారు తక్కువ కనుక ఇలా వ్రాయవలసివచ్చిందన్న సంజాయిషీ అందులోనే ఉన్నది. అనువాదకుడు ఎందుకు అవసరమో రాతిమీద చెప్పిన వాక్యాలు మన దేశంలో అరుదు. పక్కపక్కన నిలిచిన ఆ రెండు రాళ్ళ నడుమ ఉన్నది కూడ ఒక మెత్తని గొట్టమే.

హల్బీ చేసినదీ ఆ పనే. మరాఠీ, ఒడియా, ఛత్తీస్‌గఢీ పోలికలు కలగలిసిన ఆ భాష సంస్థానకాలంలో గోండులకు, ధుర్వాలకు, బయటి వర్తకులకు ఉమ్మడి మాటగా నిలిచింది. ఎవరికీ పూర్తిగా చెందనందునే అందరికీ అక్కరకు వచ్చింది.

అయితే అతుకు దగ్గరే ఒత్తిడి ఎక్కువ. 2005లో సల్వా జుడుం పేరిట సాగిన ఘర్షణలో సుక్మా, దంతేవాడ, బీజాపూర్ ప్రాంతాల పల్లెలెన్నో ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, వేలాదిమంది గోదావరి వైపు అడవులకు, నాటి ఖమ్మం జిల్లాకు తరలిపోయారు. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. తెలుగునేలపై స్థిరపడినవారిని మనం గుత్తికోయలన్నాము. ఊరూ పేరూ లేని పరాయివారుగా చూశాము. వారు మన పల్లెల అంచున నీళ్ళు అడిగినప్పుడు పలికిన ‘ఏర్’ మన ఏరేనని ఎందరం గుర్తించాము? ఝీరం కనుమలో మాకు ‘నీర్’ అన్న మాట వినిపించిన క్షణాన కలిగిన ధైర్యం, వారికి మననుంచి దక్కవలసినదే కదా.

మీరు బయలుదేరే ముందు

బస్తరు చూడవలసిన చోటు. చిత్రకోట, తీరథ్‌గఢ్ జలపాతాలు, కుటుంసర్ గుహలు, డెబ్బయి అయిదు రోజులపాటు సాగే దసరా, కొండగావ్‌లో మైనపు అచ్చుతో పోతపోసే కంచు బొమ్మలు – ఒక్క ప్రయాణంలో తీరేవి కావు. కాని ఆ దారిలో కనుమలు తప్పవు. కాబట్టి బయలుదేరే నాటి ఉదయం, ఇంజను చల్లగా ఉండగానే బానెట్టెత్తి, పై గొట్టాన్ని క్లిప్పు పక్కన రెండు వేళ్ళతో నొక్కండి. తరువాత నడుమ నొక్కండి. నడుమ గట్టిగా ఉండి చివర మెత్తగా, లోపల సందులున్నట్లు తగిలితే దాని కాలం తీరినట్లే. పైకి ఎంత నిగనిగలాడినా నమ్మవద్దు. నాలుగైదేళ్ళకు ఒకమారు రెండు గొట్టాలనూ మార్చివేయడం మేలు. దారిలో ముల్లు పైకి లేస్తే వచ్చే ఊరు చేరుకుందామని సాగవద్దు. మరో రెండు కిలోమీటర్ల ఆశ ఇంజనునే బలిగొంటుంది. ఆపండి, కూర్చోండి, మూత ముట్టుకోకండి. కారిన ద్రవాన్ని అద్ది తీసి, తడిసిన చోటును కప్పకుండా కదలకండి.

మా బావగారి కారు డికీలో ఇప్పుడు కొత్త గొట్టం ఒకటి, రెండు క్లిప్పులు, సైకిలు ట్యూబు పట్టీలు, అయిదు లీటర్ల నీళ్ళు, ఒక చిన్న పార ఉంటాయి. వాటి పక్కన ఆయన రెండు ఖాళీ సీసాలు కూడ శుభ్రంగా కడిగి ఉంచుతారు. దారిలో ఎవరైనా అడిగితే ఇవ్వడానికి.